శేషన్న పంచాంగం

ముందే చెప్పేస్తున్నాను, నాకు కోపం ఎక్కువ. పేరు మాత్రం కృపమణి. ముప్పై ఏళ్ళుగా కడపలో నర్సు ఉద్యోగం చేస్తున్నాను. సూదికి ఏడ్చే పిల్లల్ని, వాళ్ళకంటే గట్టిగా ఏడ్చే నాయనల్ని అదిలించి అదిలించి నా నోరు ఇలా తయారైంది. మా ఆయన ఏసురాజు బడిలో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. ఆయనది వేరే రకం. ఇల్లు అంటుకున్నా "ప్రార్థన చేసుకుందాం మణీ" అంటాడు. నేను ముందు బకెట్టు అందుకుంటాను. మా కాపురం ఇన్నేళ్ళు నిలబడిందంటే ఆయన ప్రార్థన కొంత, నా బకెట్టు కొంత.

ఈ ముప్పై ఏళ్ళలో మేము పదకొండు అద్దె ఇళ్ళు మారాం. నీళ్ళు ఎక్కువ వాడద్దన్న ఓనర్లు ఉన్నారు, నీచు వండద్దన్న ఓనర్లు ఉన్నారు, మేము ఏ చర్చికి పోతామో తెలిసిన మర్నాడే "మా బంధువులొస్తాండారు, ఇల్లు కావాల" అన్న ఓనర్లు ఉన్నారు. అయితే పదకొండు మందీ ఏకమై అన్న మాట మాత్రం ఒక్కటే: "గోడకు మేకు కొట్టద్దండి."

మేకు కొట్టకపోతే ప్రాణం పోతుందా అంటారేమో. నాకు పోతుంది. మా నాయన చర్చిలో నలభై ఏళ్ళు గంట కొట్టాడు. ఆయన చేతకాక మానుకున్న రోజు సంఘం వాళ్ళు ఒక గోడ గడియారం ఇచ్చారు. లోలకం ఉన్న పాత గడియారం. నిటారుగా వేలాడితేనే నడుస్తుంది, పడుకోబెడితే నిద్రపోతుంది. నాయన పోయాక అది నాకొచ్చింది. అప్పటినుంచి ట్రంకు పెట్టెలో, పాత చీర చుట్టుకుని నిద్రపోతూనే ఉంది. ఒకసారి తెగించి మేకు కొడితే ఓనరు తన గుండెలోనే దిగినట్టు పరిగెత్తుకొచ్చాడు. వారం తిరిగేలోగా ఖాళీ చేయించాడు. ఆ రోజు గడియారాన్ని మళ్ళీ పెట్టెలో పెడుతూ నేను ఏడ్చాను. ఎప్పటికైనా సొంత గోడ కొని, దానికి నా ఇష్టమొచ్చినంత పెద్ద మేకు కొట్టి, నాయన గడియారాన్ని నడిపించాలని ఆ రోజే అనుకున్నాను.

మొన్న ఫిబ్రవరి మొదట్లో ఆ యోగం వచ్చింది. శేషన్న అనే బ్రోకరు ఒక ఇల్లుందని చెప్పాడు. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు, పై జేబులో మడతపెట్టిన పంచాంగం. తన స్కూటరు మీద నన్ను ఎక్కించుకుని బయలుదేరాడు. రైల్వే గేటు దగ్గర స్కూటరు పంచరైంది. అంతలో ఆంజనేయ అని ఇంకో బ్రోకరు బైకు మీద వచ్చి, "ఏమన్నా, యాడికి? ఆ సందులో ఇల్లేనా? మేడం, ఎక్కండి, నేను దింపుతా" అన్నాడు. ఎక్కాను. సందు మొదట్లోకి రాగానే ఆయన బైకులో పెట్రోలు అయిపోయింది. వెనకాల శేషన్న స్కూటరు తోసుకుంటూ వచ్చేశాడు. "నా పార్టీని నీ బండి ఎక్కిచ్చుకుంటావా?" అని ఒకరు, "నీ పార్టీ రోడ్డు మీద నిలబడుంటే సాయం చేసినా" అని ఇంకొకరు, నడి ఎండలో వాదులాట మొదలుపెట్టారు. నేను వాళ్ళ ఖర్మకు వాళ్ళను వదిలేసి నడుచుకుంటూ పోయాను.

ఇంటివాళ్ళు ఊళ్ళో లేరు. ఎదురుగా బొరుగుల ఉగ్గాని, బజ్జీలు అమ్మే హంపమ్మ దగ్గర తాళం ఉంది. ఆదోని వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ స్థిరపడిన ముసలామె. కొంగుకు కట్టుకున్న తాళం విప్పి, పొయ్యి తగ్గించి వచ్చి, ఆమే తలుపు తీసింది. ఆమే కుళాయి తిప్పి నీళ్ళు చూపింది. వానాకాలంలో వంటింటి మూల చెమ్మ వస్తుందని కూడా దాచకుండా చెప్పింది. రెండు గదులు, వంటిల్లు, ముందర చిన్న వసారా, కింద నల్లటి కడప బండలు. నేను చెమ్మా చూడలేదు, బండలూ చూడలేదు. హాల్లో ఎదురుగోడ చూశాను. అక్కడ గడియారం పెడితే వంటింట్లో నుంచి కూడా కనపడుతుంది.

రేటు మాట్లాడింది శేషన్న. ఓనరు ఒప్పుకున్నాడని కబురు తెచ్చిందీ, బయానా తీసుకుపోయి ఇచ్చిందీ ఆయనే. అగ్రిమెంటు కాగితం మా ఇంటికి తెచ్చి మా సంతకాలు, వాళ్ళింటికి పట్టుకుపోయి వాళ్ళ సంతకాలు పెట్టించాడు. పోతూ పోతూ వేలు చూపించి మరీ చెప్పాడు.

"ఇంగ మీరు వాళ్ళను కలిసేది, ఫోన్ చేసేది పెట్టుకోవద్దు మేడం. నాగసుబ్బయ్యది శానా కోపం. కొనేవాళ్ళ మొగం చూస్తే రేటు పెంచుతాడు. మొన్న ఒక పార్టీ మీదికి చెప్పు ఇసిరేసినాడు."

"నాకూ చెప్పులుండాయి శేషన్నా" అన్నాను.

"అందుకే కలవద్దంటాండా" అన్నాడు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్ళకు బ్రోకరు తగల్లేదు గాబట్టి అక్కడితో ఆపారు. బేరం కుదరడానికి నాలుగు రోజులు పట్టింది. కుదిరాక మొదలైంది అసలు కథ. రిజిస్ట్రేషన్ ఎప్పుడు అని వారం తర్వాత అడిగితే శేషన్న పంచాంగం తీసి, వేలు తడి చేసుకుని రెండు పేజీలు తిప్పి, "వాళ్ళకు మూఢం మేడం" అన్నాడు.

మూఢమంటే మంచి పనులకు పనికిరాని రోజులని నాకూ తెలుసు. మా ఆరోగ్య కేంద్రంలో నాతో పనిచేసే నాగలతను అడిగాను. "ఇప్పుడు మూఢం యాడిదక్కా? మా వీధిలో దినామూ పెండ్లి బాజాలే" అంది. మళ్ళీ శేషన్నకు ఫోను చేశాను. ఆయన తడుముకోలేదు.

"అది ఊరందరి మూఢం మేడం. ఇది ఆయప్ప ఇంటిపేరుకు, జన్మ నక్షత్రానికి కలిపి వచ్చిన మూఢం. పంచాంగంలో ఉండదు, లెక్క కట్టాల."

నేను నమ్మాను. ఇప్పుడు తల్చుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది గానీ, అప్పుడు నా లెక్క వేరు. మా ఉపవాసాల మీద, మా ఆదివారాల మీద ఎవరైనా వేళాకోళం ఆడితే నాకు ఒళ్ళు మండుతుంది. అలాంటిదాన్ని ఇంకొకరి నమ్మకాన్ని గుచ్చి గుచ్చి అడుగుతానా? "వాళ్ళ ఆచారం వాళ్ళది, ఓపిక పడదాం" అన్నాను. నా నోట ఓపిక అనే మాట విని మా ఆయన స్తోత్రం చెప్పుకున్నాడు.

మార్చి పోయింది. ఏప్రిల్ పోయింది. అడిగినప్పుడల్లా మూఢం ఇంకో పది రోజులు సాగుతోంది. గోరుచుట్టు మీద రోకటి పోటులా మా ఓనరు సోమన్న వచ్చి కూర్చున్నాడు. "సొంతిల్లు కొన్నారంట గదా. నేను వేరేవాళ్ళకు మాటిచ్చేసినా. జూన్ ఒకటికి ఖాళీ చెయ్యాల" అన్నాడు. పోతూ గోడలన్నీ తడిమి చూసుకున్నాడు, ఎక్కడైనా మేకు కొట్టామేమోనని. ఆ ఇల్లు రాకపోతే జూన్ ఒకటిన మేము పన్నెండో అద్దె ఇంటికి పోవాలి. పన్నెండో ఓనరు మేకు కొట్టద్దంటాడు. గడియారం పెట్టెలోనే ఉంటుంది. నాకప్పటికి యాభై నాలుగేళ్ళు. ఇంకెన్ని ఇళ్ళు మారాలి?

మే నెల మధ్యలో ఒక రోజు, బయట రోడ్డు మీద తారు కరుగుతుంటే, అరవై ఏళ్ళ ఆమె ఒకరు చెమటలు కక్కుకుంటూ మా ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. కళ్ళు తిరుగుతున్నాయంది. చూస్తే బీపీ నూటా ఎనభై. పక్కన కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. అరగంట ఆగి, మళ్ళీ చూడటానికి చేతికి పట్టీ చుట్టాను.

"ఏమక్కా, ఇంత బీపీ పెట్టుకోని ఎండలో యాడికి తిరగతాండావు? ఇంట్లో ఏమన్నా కష్టమా?" అన్నాను.

"ఏం చెప్పమంటావు సిస్టరమ్మా. ఇల్లు అమ్ముకున్నాం. అమ్ముకున్నామనే పేరేగానీ, కొనే ఆయమ్మ మా ప్రాణాలు తీస్తాండాది."

"ఏమంటాదంట?"

"బయానా ఇచ్చి మూన్నెల్లాయ. రిజిస్ట్రీకి రమ్మంటే రాదు. ఇల్లమ్మిన లెక్క వస్తాదని మా ఆయన రాయచోటిలో అంగడి పెట్టి, మేడ మీద ఇల్లు మొదలుపెట్టినాడు. అది సగంలో ఆగిపాయ. ఇది చాలదని ఇంట్లో గోడలకు ఒక్క మేకు కూడా ఉండకూడదన్నాదంట. నా చేతుల్తో నేనే పీకినా. నలభై మేకులు! నేను కొట్టుకున్న మేకులు నేనే పీకి, బొక్కలన్నీ తెల్ల సిమెంటుతో మూసినా. దేవుని పటాలన్నీ మూట కట్టినా."

మేకు అనే మాట వింటే చాలు, నేను అగ్గి మీద గుగ్గిలమే.

"ఆయమ్మ ఎవరోగానీ మనిషి కాదక్కా" అన్నాను. బీపీ మిషను బుడ్డ నొక్కుతూ నొక్కుతూ ఊపు అందుకున్నాను. "ఇల్లింకా ఆమెది కానే లేదు, అప్పుడే మేకులు పీకమనేదానికి ఎంత పొగరు! ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్ట. నా ముందర ఉంటే రెండు తగిలిస్తా. ఆమె ఇంట్లో చెప్పేవాళ్ళు లేరా?"

"మొగుడు నోరు లేనోడంట."

"ఉంటాడు పాపం, దాని నోటికి ఎవరైనా మూగోళ్ళయిపోతారు. ఏం చేస్తాదంట ఆమె?"

"నీ మాదిరే నర్సంట."

"మా నర్సుల పేరు చెడగొట్టేదానికే పుట్టింటాది! యాడ పని చేస్తాదో కనుక్కో అక్కా, నేను పైవాళ్ళకు చెప్తా. పేరేమి?"

"అదేందో... కృప... ఆఁ, కృపమణి."

నాగలత చేతిలోని మందుల అట్టపెట్టె కింద పడింది. నేను బుడ్డ నొక్కుతూనే ఉన్నాను. "అబ్బా, చెయ్యి! చెయ్యి!" అని ఆమె అరిచేదాకా నాకు తెలివి రాలేదు. గాలి వదిలేసి, పక్క స్టూలు మీద కూలబడ్డాను.

"అక్కా, ఇప్పుడు చూడాల్సింది నీ బీపీ" అంది నాగలత, నోరు కొంగుతో మూసుకుని.

"నువ్వు... కన్యకమ్మవా? నాగసుబ్బయ్య భార్యవా?" అన్నాను, అగ్రిమెంటులో చూసిన పేరు గుర్తొచ్చి.

"అవును. నీకెట్ల తెలుసు?"

"నేనే అక్కా కృపమణిని. రెండు తగిలిస్తానంటి గదా. నీ చేతుల్తోనే తగిలించు."

కన్యకమ్మ లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది. మొహంలో భయం, కోపం, అప్పటిదాకా నేను తిట్టిన తిట్లకు వచ్చిన నవ్వు, అన్నీ ఒకేసారి కనపడ్డాయి. నేను ఒట్టేశాను. మా దేవుని మీద వేస్తే ఆమె నమ్ముతుందో లేదోనని నా ఉద్యోగం మీద వేశాను. మేకుల మాట నేను అనలేదని, అసలు మేకు కోసమే ఇల్లు కొంటున్నానని, గడియారం సంగతంతా చెప్పాను. ఆమె నా మొహంలోకి చూస్తూ విన్నది. నేను ఏడుస్తున్నానని నాగలత చెబితే గానీ నాకు తెలియలేదు.

"అట్లయితే రిజిస్ట్రీకి ఎందుకు రాకపోతివి? మీకు ఈస్టరుకు ముందు నలభై దినాలు శ్రమల దినాలంట గదా, సంతకాలు పెట్టకూడదంట గదా" అంది కన్యకమ్మ.

"శ్రమల దినాల్లో మేం పెండ్లిండ్లు చేసుకోం అంతే. ఇల్లు కొనద్దని ఏ పాస్టరూ చెప్పలేదు. అదిన్నీ ఈస్టరుతోనే అయిపాయ!"

"ఈస్టరయినాక పెంతెకొస్తు పండగ దాకా ఇంకో యాభై దినాలు ఉంటాదన్నాడే శేషన్న. మీ పద్ధతి మీది, మనం అడిగితే బాగుండదని మా ఆయన నోరు మూసుకున్నాడు."

"ఓరి వీని పంచాంగం తగలెయ్య! మరి నాతో మీకు మూఢం అన్నాడే! ఇంటిపేరుకు వచ్చిన మూఢమంట!"

"మూఢమా? మా మరిది బిడ్డ పెండ్లి పోయిన నెలలోనే చేస్తిమి!"

ఇద్దరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఆమె మా ఉపవాసాలను గౌరవించి, నేను ఆమె మూఢాన్ని గౌరవించి, మూడు నెలలు ఇద్దరం మర్యాదగా మునిగిపోయాం. కొంచెం మర్యాద తక్కువ మనుషులమైతే ఫిబ్రవరిలోనే ఇల్లు చేతులు మారేది. నలభై దినాలు, యాభై దినాలు అని శేషన్న చెప్పినంత ఖచ్చితంగా మా సండే స్కూలు పిల్లలు కూడా చెప్పలేరు. ఆ తెలివితో వాడు పాస్టరయ్యుంటే మా సంఘం ఎక్కడో ఉండేది.

ఇదంతా ఎందుకు చేశాడో మాత్రం అర్థం కాలేదు. సాయంత్రం డ్యూటీ దిగి, కన్యకమ్మతో కలిసి ఆటోలో వాళ్ళ సందుకు పోయాను. హంపమ్మ బజ్జీలు తీస్తూ మా ఇద్దరినీ కలిపి చూసి జల్లెడ గంటె గాల్లోనే ఆపింది. సంగతి చెబితే నవ్వింది.

"నన్నడిగింటే అప్పుడే చెప్తుంటి గదమ్మా. ఆ శేషన్న, ఆ ఆంజనేయ దినామూ ఈడనే బజ్జీలు తింటా కొట్లాడ్తారు. నేను జూపిస్తి ఇల్లంటే నేను జూపిస్తి అని. పార్టీని స్కూటర్లో తెచ్చింది నేనని వాడు, సందు దాకా తెచ్చింది నా బండని వీడు. కమీషన్ దుడ్లు ఎవరికెంతో తేలేదాకా రిజిస్ట్రీ కానియ్యకూడదని వాళ్ళకు వాళ్ళే ఒప్పందం. దినాలు జరిపేదానికే ఈ మూఢాలూ మేకులూ. నా బజ్జీల దుడ్లే ఇంకా ఇయ్యలేదు."

అంటే రైల్వే గేటు నుంచి సందు మొదలు దాకా ఉన్న ఆ అర కిలోమీటరు కోసం నేను రోడ్డున పడబోతున్నాను, కన్యకమ్మకు బీపీ పెరిగింది, నలభై మేకులు ఊడిపోయాయి. నాకు ఒళ్ళంతా మంట లేచింది. ఇప్పుడే పోయి శేషన్న చొక్కా పట్టుకుంటానని లేచాను. కన్యకమ్మ నా కొంగు పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. కోమటింటి ఇల్లాలు, నలభై ఏళ్ళుగా మొగుడి అంగట్లో బేరాలు చూసిన మనిషి.

"తిడితే వాడు ఇంకో పది దినాలు అలుగుతాడు. వాని మందు వానికే పోద్దాం" అంది.

ఆ రోజు సోమవారం. ఇంటికి పోయి శేషన్నకు ఫోను చేశాను.

"శేషన్నా, మా పాస్టరు చెప్పినాడప్పా. ఈ గురువారం దాటితే మేము మూడేండ్లదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదంట. బయానా వెనక్కి తెచ్చియ్యి."

"మూడేండ్లా? అదేం లెక్క మేడం! మీలో అట్లాంటిది ఉన్నట్టు నేను యాడా వినలేదే!"

"ఊరందరికీ కాదప్పా. మా ఇంటిపేరుకు వచ్చిన శ్రమ. లెక్క కట్టాల" అని పెట్టేశాను.

"పాస్టరు మీద అబద్ధమా మణీ?" అన్నాడు మా ఆయన, చెయ్యి గుండె మీద పెట్టుకుని.

"నువ్వు ప్రార్థన చేసుకో" అన్నాను. నిజంగానే చేసుకున్నాడు, నా తరఫున క్షమాపణ కోసం.

అటు కన్యకమ్మ కూడా ఫోను చేసింది. గురువారం దాటితే ఏడేండ్లు మూఢమని వాళ్ళ స్వామి చెప్పాడంది. "ఏడేండ్ల మూఢం పంచాంగంలోనే లేదమ్మా!" అని శేషన్న మొత్తుకున్నాడట. "నీ పంచాంగంలో ఉంటాది, బాగా చూడు" అందట ఆమె.

గురువారం పొద్దున పది గంటలకు మేము రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయేసరికి శేషన్న, ఆంజనేయ ఒకే బైకు మీద వచ్చి మాకంటే ముందే కాపు కాశారు. కాగితాలు సిద్ధం, డాక్యుమెంటు రైటరు సిద్ధం, సాక్షులు సిద్ధం. మూడు నెలలు కదలని పని మూడు రోజుల్లో ఉరకలు వేసింది. చెప్పులు విసిరే నాగసుబ్బయ్య కోసం వెతికితే, స్తంభం వెనకాల ఒక సన్నపాటి మనిషి బిస్కెట్ పొట్లం పట్టుకుని బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉన్నాడు. నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "ఈయమ్మ కోపమొస్తే సూది పొడుస్తాదని శేషన్న చెప్పినాడు" అని తర్వాత ఒప్పుకున్నాడు. ఆయన, మా ఆయన ఒకే బెంచీ మీద కూర్చుని, ఒక్క మాటా మాట్లాడుకోకుండా పొట్లం మొత్తం ఖాళీ చేశారు. ఇంత స్నేహం నేనెక్కడా చూడలేదు.

సంతకాలయ్యాయి. వేలిముద్రలయ్యాయి. ఇల్లు మాదైంది. మెట్లు దిగుతుండగా బ్రోకర్లిద్దరూ అడ్డంగా నిలబడ్డారు.

"మేడం, కమీషన్ సంగతి. మీరే సాక్షి. మిమ్మల్ని స్కూటర్లో ఎక్కిచ్చుకోని వచ్చింది నేనా కాదా?" అన్నాడు శేషన్న.

"నడిరోడ్డు మీద ఇడిసిపెట్టినావు. సందు దాకా తెచ్చింది నేను. ఇల్లు చూపించినట్టు ఎవరి లెక్క మేడం?" అన్నాడు ఆంజనేయ.

ఆ తోపులాటలో శేషన్న జేబులోని పంచాంగం కింద పడింది. అందులోంచి ఇంకో కాగితం జారింది. తీసి చూస్తే మా చర్చి క్యాలెండరు. ఈస్టరు చుట్టూ ఒక ఎర్ర సున్న, పెంతెకొస్తు చుట్టూ రెండు. నేను ఎత్తి అందరికీ చూపించాను. నాగసుబ్బయ్య అనే ఆ పిరికి మనిషి, "థూ, దేవుళ్ళను కూడా కమీషన్‌లోకి లాగినావు గదరా" అన్నాడు. ఆయన నోటి నుంచి ఆ రోజు వచ్చిన మొదటి మాట అదే. శేషన్న తలకాయ దించుకున్నాడు.

"సాక్ష్యం అడిగినారు గదా, చెప్తా వినండి" అన్నాను. "ఒకని బండికి గాలి లేదు, ఒకని బండికి పెట్రోలు లేదు. మీరిద్దరూ ఎండలో కొట్లాడతాంటే నేను నడుచుకుంటా పోయినా. తాళం తీసింది హంపమ్మ. నీళ్ళు చూపింది హంపమ్మ. చెమ్మ వస్తాదని నిజం చెప్పింది హంపమ్మ. ఇల్లు చూపించింది ఆమె. మీకు ఒప్పుకున్న కమీషన్ మూడు భాగాలు చేస్తాం, మొదటి భాగం ఆమెకు."

ఇద్దరూ నోళ్ళు తెరిచారు. కన్యకమ్మ అందుకుని, "బజ్జీల బాకీ కూడా మీ భాగాల్లోనే పట్టుకుంటాం" అంది. ఆ రోజు సాయంత్రమే హంపమ్మ భాగం ఆమె చేతిలో పెట్టాం. తన జీవితంలో తాళం తీసినందుకు ఇన్ని దుడ్లు ఇచ్చిన పిచ్చోళ్ళను చూడలేదని, మా ఇద్దరికీ చెరో ప్లేటు ఉగ్గాని ఊరికే పెట్టింది.

ఆదివారం చర్చి అయ్యాక తాళాలు తీసుకోవడానికి పోయాం. నేను గడియారాన్ని పాత చీరతో సహా ఒళ్ళో పెట్టుకున్నాను. చేతిసంచిలో కొత్త సుత్తి, ఒక పెట్టె కొత్త మేకులు. ముప్పై ఏళ్ళ కసి ఉంది నా దగ్గర. ఎదురుగోడకు ఎంత గట్టిగా కొట్టాలో దారంతా లెక్క వేసుకుంటూ వచ్చాను.

వాళ్ళ సామాను వసారాలో మూటలు కట్టి ఉంది. హాల్లో గోడల నిండా తెల్ల సిమెంటు చుక్కలు. ఎదురుగోడ మీద మాత్రం ఒక మేకు అలాగే ఉంది. పాతది, తల అరిగి నున్నగా అయింది. కన్యకమ్మ ఆ గోడకు అడ్డంగా నిలబడి చేతులు నలుపుకుంటోంది.

"ఇది ఒక్కటి పీకలేదమ్మా. నేను కాపురానికొచ్చిన దినం మా ఆయన కొట్టినాడు. మేకు మీద ఒక దెబ్బ, బొటనవేలు మీద రెండు దెబ్బలు. మొదటి పటం దీనికే పెట్టుకున్నా. పీకుదామని మూడుసార్లు పట్టుకున్నా, చెయ్యి రాలేదు. నీకు అడ్డమైతే చెప్పు, ఇప్పుడే పీకిస్తా" అంది.

"దాన్ని ఎవరన్నా ముట్టుకుంటే చెయ్యి ఇరుస్తా" అన్నాను.

చీర విప్పాను. మా ఆయన స్టూలు పట్టుకున్నాడు. ఎక్కి గడియారాన్ని ఆ మేకుకే తగిలించాను. బరువుకు వంగుతుందేమో అనుకున్నాను, వంగలేదు. తాళంచెవి తిప్పి, లోలకాన్ని వేలితో ఒక్క తోపు తోశాను. టక్కుమంది. ఆగింది. మళ్ళీ టక్కుమంది. ఇక ఆగలేదు. మా నాయన గంట కొట్టే ముందు గొంతు సవరించుకునేవాడు, అది గుర్తొచ్చింది. స్టూలు మీదే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. కింద కన్యకమ్మ కూడా ఏడ్చింది. మగవాళ్ళిద్దరూ వసారాలోకి పోయి మూటలు సర్దుతున్నట్టు నటించారు.

సుత్తి, మేకుల పెట్టె తీసి కన్యకమ్మ చేతిలో పెట్టాను. "నీ మేకులు నా మూలంగా పోయినాయి. రాయచోటిలో నీ గోడకు ఇవి కొట్టుకో అక్కా."

ఆమె పెట్టె మూత తెరిచి చూసి, మళ్ళీ మూసింది.

"మేడ మీద ఇల్లు పూర్తి కావాలంటే ఇంకో ఆర్నెల్లు పడతాది. అంతదాకా అద్దె ఇంట్లోనే. పటాలన్నీ మూటలోనే ఉంచాల. ఆ ఓనరు ముందే చెప్పినాడు, గోడకు మేకు కొట్టద్దని."

నా కన్నీళ్ళు ఎక్కడివక్కడ ఆరిపోయాయి. స్టూలు దిగి, కొంగు నడుముకు దోపి, చెయ్యి చాపాను.

"వాని ఫోన్ నంబరు ఇయ్యి" అన్నాను.